పంపుకాడి సావాసం

కొమురెల్లి గురించి తార్నాకలో చెప్పుకునే మాటల్లో సగం అబద్ధం, మిగతా సగం తప్పు. మంగలి షాపులో అడిగితే, తెలంగాణ ఉద్యమంలో వంటావార్పు రోజున స్టూడెంట్లు అతని స్నేహితుడు ఉమాపతిని ఆంధ్రా ఆయనని కనిపెట్టి రోడ్డు మీంచి తరిమారనీ, కొమురెల్లి గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డాడనీ అంటారు. లాలాపేట్ చాయ్ హోటల్లో కథ వేరు. అక్కడ కొమురెల్లే గుండిగెడు పప్పుచారు రోడ్డు మీద కుమ్మరించి, ‘పో మీ ఊరికి’ అన్నాడట. ఉమాపతి ఉండే వీధిలో అయితే ఇద్దరూ పోలీస్ స్టేషన్ దాకా వెళ్ళారని కూడా పుట్టించారు. ఉమాపతి తన జన్మలో పోలీస్ స్టేషన్ గడప తొక్కింది ఒక్కసారే, అదీ సైకిలు పోయినప్పుడు.

ఎవరూ ఎవర్నీ తరమలేదు. పప్పుచారు ఒక్క చుక్క నేలపాలు కాలేదు. ఆ ఇద్దరి మధ్య వచ్చింది తెలంగాణ గొడవ కాదు. ఒక నవ్వు. కొమురెల్లి నవ్వకూడని చోట నవ్విన ఒక్క నవ్వు. అదేమిటో తెలియాలంటే ముందు పంపుకాడి సంగతి తెలియాలి.

కొమురెల్లిది జనగామ అవతల చిన్న ఊరు. నాలుగెకరాల వానాధారపు చెలక, దాని మీద అయిదుగురు అన్నదమ్ములు. మూడోవాడైన కొమురెల్లి పట్నం వచ్చి, దొరికిన పనల్లా చేసి, చివరికి ఉస్మానియా యూనివర్సిటీలో నీళ్ళ పనికి కుదిరాడు. పంపు నడపాలి, టైముకి ఏ హాస్టల్‌కి ఆ హాస్టల్ వాల్వు తిప్పి నీళ్ళు వదలాలి. వాల్వులు తిప్పే ఛాతీ ఎత్తు ఇనుప చువ్వ ఒకటి భుజాన వేసుకుని తెల్లవారి అయిదింటికే బయల్దేరేవాడు. ఎంతటి ప్రొఫెసరైనా మొహానికి సబ్బు రాసుకుని కొమురెల్లి కోసం ఎదురు చూడవలసినవాడే. ఆ గర్వం అతనికి కొంచెం ఉండేది, ఉండాల్సిందే.

పంపు ఉన్నది హాస్టళ్ళ వెనక, కానుగ చెట్ల మధ్య ఒక రేకుల గదిలో. గది ముందు రెండు సిమెంటు దిమ్మెలు, ఒక విరిగిన బెంచీ. కొమురెల్లి ఆరున్నరకల్లా వాల్వుల పని ముగించుకుని అక్కడికి వచ్చేసరికి మిగతా ముగ్గురూ చేరి ఉండేవారు.

మొదట వచ్చిన మనిషి ఉమాపతి. తెనాలి వైపు ఆయన. రైల్వేలో గుమాస్తా చేసి రిటైరయ్యాడు, తార్నాకలో ఉంటాడు. ఆ వంటావార్పుకి పద్నాలుగేళ్ళ ముందు వాకింగ్‌కి వచ్చి, దాహం వేసి, పంపు దగ్గర నీళ్ళు తాగి, ఆ రోజు నుంచి వాకింగ్ మానేశాడు. ఇంట్లో మాత్రం ఇప్పటికీ వాకింగ్ అనే చెబుతాడు. రెండోవాడు కరుణాకర్, లాలాపేట్ మనిషి, బస్ డిపోలో మెకానిక్కు. మాట కంటే ముందు మీసం కదులుతుంది. మూడో ఆయన సుబ్బరాయుడు. భీమవరం నుంచి వచ్చి, తార్నాకలోనే ఒక లేబొరేటరీలో స్టోర్ కీపరుగా ముప్పై ఏళ్ళు చేశాడు. కూర్చున్నచోటే కునుకు తీయడం, లేచి ఇతరుల పనికి వంకలు పెట్టడం, ఈ రెండూ ఆయనకు వెన్నతో పెట్టిన విద్యలు.

ఈ నలుగురూ రోజూ గంటన్నరసేపు అక్కడ చేసే పని ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడంలోనే ఉంది సుఖమంతా. బనియన్లతోనే కూర్చునేవారు. పొట్ట లోపలికి పీల్చుకోనక్కర్లేదు. అక్కడ ఎవరూ ఎవరికీ మొగుడు కాదు, నాన్న కాదు, మామగారు కాదు. చెప్పిన కథే మళ్ళీ చెప్పినా, ‘ఇది అయిపోయింది’ అనేవాడు లేడు. కరుణాకర్ చిన్నప్పుడు దున్నపోతు మీద ఎక్కి చెరువు దాటిన కథ నెలకోసారి వచ్చేది.

“పోయినసారి చెరువు ఇంత పెద్దగ లేకుండె గదరా,” అనేవాడు కొమురెల్లి.

“వానలు పడ్డయి గదనే మధ్యల,” అనేవాడు కరుణాకర్, మీసం సర్దుకుని.

“చెరువు సరేనండి, ఆ దున్నపోతు ఇంకా బతికే ఉందా?” సుబ్బరాయుడు కళ్ళు మూసుకునే అడిగేవాడు.

కొమురెల్లికి అక్షరాలు వచ్చు గాని కూడబలుక్కుని చదవాలి. అందుకని పేపరు ఉమాపతి చదివేవాడు, పైకి, మొదటి పేజీ నుంచి చావు కబుర్ల దాకా. ఉద్యమం ముదిరాక ఆ చదువు చూడవలసిందే. ఒక నాయకుడు ఆంధ్రావాళ్ళని దోపిడీదారులన్నా చదివేవాడు, మరో నాయకుడు తెలంగాణవాళ్ళకి పని చేతకాదన్నా చదివేవాడు. రెంటికీ ఒకటే గొంతు, రైలు ఎన్నో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో చెప్పినట్టు. ఒకరోజు అలాగే రెండు పక్కల తిట్లూ చదివి పేపరు మడిచాడు.

“ఇప్పుడు నేను నిన్ను దొంగా అనాలె, నువ్వు నన్ను సోమరీ అనాలె,” అన్నాడు కరుణాకర్. “షురూ చేద్దామా?”

“ముందు చాయ్ తాగుదాం. చల్లారిపోతుంది,” అన్నాడు ఉమాపతి.

“సూసినవా, సోమరోని చాయ్ దొంగ తాగుతున్నడు,” అని కొమురెల్లి పొట్ట పట్టుకుని నవ్వాడు. నలుగురూ నవ్వారు. ఉమాపతికి రాష్ట్రం విడిపోవడం ఇష్టం లేదు, కొమురెల్లికి తెలంగాణ రావాలి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఒకడికి కాకరకాయ పడకపోవడం, ఇంకొకడికి పడడం ఎలాగో అదీ అంతే అనుకునేవారు.

పంపుకాడికి ఒక కట్టుబాటు ఉండేది. ఎవరింటికి ఎవరూ పోవద్దు. ఇంటి ముచ్చట పంపుకాడ లేదు, పంపు ముచ్చట ఇంట్లో లేదు. ఎవరు పెట్టారో తెలియదు గాని పద్నాలుగేళ్ళుగా ఎవరూ దాటలేదు. తార్నాకలో ఉమాపతి ఇల్లు ఎక్కడో కొమురెల్లికి తెలుసు, లోపల ఎలా ఉంటుందో తెలియదు.

మరొకటి, నెలకో వంట. రెండో ఆదివారం పొద్దున్న రేకుల గది ముందు మూడు రాళ్ళు పెట్టి నలుగురూ వండుకునేవారు. మంట కొమురెల్లిది. ఉల్లిగడ్డలు కోసి ఏడవడం కరుణాకర్‌ది. వంకలు సుబ్బరాయుడివి. గరిటె మాత్రం ఉమాపతిది. గరిటె చేతిలో పడితే ఆ గుమాస్తా వేరే మనిషయ్యేవాడు. పోపు చిటపటలు వింటూ తల వంచేవాడు, గాయకుడు తంబూరా విన్నట్టు.

అక్కడ ఒకటే పేచీ, పప్పుచారు. ఉమాపతికి అందులో బెల్లం పడాలి. కొమురెల్లికి, కరుణాకర్‌కి పప్పుచారులో తీపి తగిలితే ముద్ద దిగదు. మొదట్లో దీని మీద తెగ వాదించుకున్నారు. తర్వాత ఒక పద్ధతి దానంతట అదే కుదిరింది. చారు మరిగాక కొమురెల్లి వచ్చి తనకీ కరుణాకర్‌కీ ఒక గిన్నెలోకి తోడుకునేవాడు. అతను తోడి పక్కకి జరగ్గానే, ఉమాపతి మిగిలినదాంట్లో బెల్లం వేసేవాడు. మాట ఉండదు, సైగ ఉండదు. గిన్నె అవతలికి వెళ్ళింది, బెల్లం లోపలికి వెళ్ళింది, అంతే. ఎన్ని రెండో ఆదివారాలో లెక్కలేదు గాని, ఆ చేతులకి అది అలవాటైపోయింది.

రెండువేల పదకొండులో, ఎండలు తగ్గి వానలు ఇంకా పట్టుకోని రోజుల్లో, వంటావార్పు పిలుపు వచ్చింది. రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తిని, బండి కదలకుండా చెయ్యాలి. అదీ ఉద్యమమే. తార్నాక చౌరస్తాలో నాలుగొందల మందికి వంట అనుకున్నారు. స్టూడెంట్లలో పెద్ద ఎంకన్న, నల్లగొండ పిల్లగాడు, ఎమ్మే చదువుతున్నాడు, పరుగెత్తుకుంటూ పంపుకాడికి వచ్చాడు.

“కాకా, మెస్సు వంటాయనకు జరమొచ్చింది. నాలుగొందల మందికి వండేటోడు కావాలె. ఎవలన్న ఉన్నరా నీకెరుక?”

కొమురెల్లి ఆలోచించలేదు. గొప్ప ముందు పుట్టింది, బుద్ధి తర్వాత పుట్టింది. “నాకొక దోస్తున్నడు బిడ్డా. ఆయన చెయ్యి వడ్డదంటే ఇస్తరి గూడ నమిలి మింగుతరు.”

ఎంకన్న ఆయనది ఏ ఊరని అడగలేదు. కొమురెల్లి చెప్పలేదు.

ఉమాపతి మాత్రం వినగానే బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు. “నాలుగొందల మందికా! ఎన్ని గుండిగలోయ్?”

“ఏమండోయ్, అది తెలంగాణ కోసం వంటండి,” అన్నాడు సుబ్బరాయుడు.

“దేనికైతే నాకేం? నలుగురికి వండి వండి చెయ్యి మొద్దుబారిపోయింది. మీరు తింటారు, పొగడరు.”

కొమురెల్లికి అప్పుడు గుండెల్లో రాయి పడింది. అది పిల్లల కోపాల కాలం. క్యాంపస్‌లో లాఠీలు, గ్యాసు, రాళ్ళు అన్నీ చూశాడు. చౌరస్తాలో ఎవడైనా కుర్రాడు ఉమాపతిని ఒక్క మాట తూలితే? ఆ మనిషి మెత్తన. ఒక్కసారి మనసు విరిగితే మళ్ళీ ఈ బెంచీ మీదికి రాడు. పేపరు చదివే గొంతు లేకుండా పొద్దు ఎలా పొడుస్తుందో కొమురెల్లి ఊహించుకోలేకపోయాడు.

“సారూ, ఒక్క మాట జెప్త, ఏమనుకోకు. ఆడ నువ్వు నోరు తెరవద్దు. ఏదడిగినా తలకాయ ఊపు. మాట్లాడేది నేను మాట్లాడుత.”

ఉమాపతి ఒక్క క్షణం అతని మొహం చూశాడు. “వంటవాడికి నోరెందుకోయ్, చెయ్యి చాలు,” అన్నాడు.

ఆదివారం పొద్దున చౌరస్తాలో డప్పులు, జెండాలు, వరసగా పొయ్యిలు. ముషీరాబాద్ కిరాణా దుకాణాల వాళ్ళు బియ్యం, పప్పు, చింతపండు పంపారు. పరమాన్నానికని బెల్లం దిమ్మలు కూడా. పోలీసులు అటు పక్క నీడలో నిలబడి వాసన చూస్తున్నారు. ఉమాపతి తలకు తువ్వాలు చుట్టుకుని మోకాలెత్తు గంజులు, అదే గుండిగలు, రెండింటి మధ్య తిరుగుతుంటే, అరవై దాటిన మనిషని ఎవరూ అనుకోరు. కరుణాకర్ కట్టెలు ఎగదోస్తున్నాడు. సుబ్బరాయుడు ఒక కుర్చీ సంపాదించి, ‘పప్పు ఇంకా మెదగాలి’ అని నీడలోంచి చెబుతున్నాడు.

కొమురెల్లి మాత్రం కాలు ఒకచోట నిలపలేకపోయాడు. నీళ్ళ ట్యాంకరు దగ్గరికి పోవడం, రావడం, వచ్చినప్పుడల్లా ఉమాపతి వైపు చూడడం. ఉమాపతి తలకాయ ఊపుతున్నాడు. బాగానే ఉంది.

చారు మరిగింది. పంపు దగ్గర డ్యూటీలో ఇద్దరు ఉన్నారు, వాళ్ళకి పంపాలని కొమురెల్లి ఒక బకెట్టు తెచ్చి, మొదటి గంజులోంచి నిండా తోడి, పక్కకి జరిగాడు.

ఉమాపతి చెయ్యి పద్నాలుగేళ్ళ అలవాటుతో కదిలింది. పక్కనే ఉన్న బెల్లం దిమ్మలు రెండు తీసి, రాయి మీద పగలగొట్టి, గంజులో వేసి, కలియబెట్టి, మూత పెట్టేశాడు. తను ఏం చేశాడో తనకే తెలియదు. కొమురెల్లి బకెట్టు మోసుకుంటూ అటు తిరిగి ఉన్నాడు.

విస్తర్లు వేసి వడ్డించారు. రెండో గంజు వరస వాళ్ళు ఆవురావురుమని తింటున్నారు. మొదటి గంజు వరసలో చేతులు ఆగాయి.

“ఏందిరా బై, గిది తియ్యగున్నది!”

“పప్పుచారా, పానకమా?”

“ఎవలేసిండ్రు దీంట్ల బెల్లం?”

కొమురెల్లి వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. విషయం మొత్తం ఒక్క చుక్కలో అర్థమైంది. చూస్తే ఉమాపతి గరిటె పట్టుకుని, మొహంలో నెత్తురు చుక్క లేకుండా నిలబడి ఉన్నాడు. కొమురెల్లి రెండు అంగల్లో ముందుకు వచ్చాడు.

“నేనే ఏసిన. మతి తప్పి ఏసిన బిడ్డా.”

ఎంకన్న విస్తరి ముందు కూర్చుని అతని వైపు చూశాడు, గంజు వైపు చూశాడు, నవ్వాడు. “ఏం కాకా, ఆంధ్రోళ్ళ సావాసం జేసి జేసి నీ నాలుక గూడ మారిపాయెనా?”

వరసంతా గొల్లుమంది. కొమురెల్లికి ప్రాణం కుదుటపడింది. నవ్వారంటే గండం గడిచినట్టే. ఆ ఊపులో, వాళ్ళ కంటే ఎక్కువగా తనే నవ్వి, “ఔ బిడ్డా! గసొంటోళ్ళ సావాసం జేస్తే గిట్లనే అయితది. ఇడిసి పెట్టాలె ఇగ!” అన్నాడు.

అందరూ మళ్ళీ నవ్వారు. పచ్చిమిరపకాయలు కొరుక్కుంటూ ఆ తీపి చారే పోసుకుని తిన్నారు. కొందరు రెండోసారి కూడా అడిగారు.

ఉమాపతి గరిటె గంజు మీద అడ్డంగా పెట్టాడు. చేతులు కడుక్కున్నాడు. తలకు చుట్టిన తువ్వాలు విప్పి, దులిపి, భుజాన వేసుకుని, జనంలోంచి ఇంటి వైపు నడిచిపోయాడు. వెనక్కి చూడలేదు. జరిగింది ఇంతే.

మర్నాడు పంపుకాడికి ఉమాపతి రాలేదు. రెండో రోజూ రాలేదు. పేపరు వస్తోంది, మడత విప్పేవాడు లేడు. కరుణాకర్ ఒకరోజు చదవబోయాడు గాని సినిమా పేజీ దాటలేదు. దున్నపోతు కథ మొదలుపెట్టి సగంలో ఆపేశాడు. కొమురెల్లి అయితే ఒక పొద్దున ఒక హాస్టల్ వాల్వు తిప్పి మరిచిపోయి, అక్కడి ట్యాంకు పొంగి వరండాలు చెరువులయ్యాక పరుగెత్తాడు. పాతికేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు.

సుబ్బరాయుడు మాత్రం రోజూ వస్తూనే ఉన్నాడు.

“మరి నీకు కోపం రాలేదా సారూ? నువ్వు గూడ గసొంటోనివే గద,” అని కరుణాకర్ గిల్లాడు.

“కోపం వస్తే టీ ఎక్కడ తాగుతానండి?” అన్నాడు సుబ్బరాయుడు. తర్వాత కళ్ళు తెరిచాడు, అది అరుదు. “కానీ కొమురెల్లీ, కాపాడబోయావని నాకు తెలుసు. మొదటి మాట కాపాడేదే. రెండో మాట ఎందుకన్నావు?”

కొమురెల్లి చాయ్ గ్లాసు కడగడానికి లేచాడు. రెండో మాట ఎందుకన్నాడో అతనికి తెలుసు. భయం పోయిన సంబరంలో పది మంది నవ్వు తీయగా అనిపించింది. అంతకంటే ఏమీ లేదు. అదే అతన్ని లోపల కోస్తున్నది. ఆంధ్రా మీద కోపంతో అన్నా ఒక అర్థం ఉండేది.

పదకొండో రోజు మధ్యాహ్నం కొమురెల్లి ఇనుప చువ్వ గోడకి ఆనించి, మొహం కడుక్కుని, ఎంకన్న ఉండే హాస్టల్ మెస్సుకి వెళ్ళాడు. అందరూ తింటున్నారు. ఎవరి ముందు అన్న మాట వాళ్ళ ముందే వెనక్కి తీసుకోవాలని అతని లెక్క.

“బిడ్డా, అందరు ఒక్క నిమిషం ఇనుండ్రి. వంటావార్పు నాడు బెల్లం ఏసింది నేను గాదు. నేను అబద్ధమాడిన. ఏసింది నా దోస్తు, ఉమాపతి సారు. తెనాలి ఆయన. ఆంధ్రా. పద్నాలుగేండ్ల సంది నాకు పేపరు సదివి ఇనిపిస్తున్నడు. మీకోసం పొద్దటిసంది పొయ్యి ముంగట నిలబడి వండిండు. గసొంటోళ్ళ సావాసం ఇడిసి పెట్టాలె అని నేను నవ్విన. నాకు బుద్ధి లేక నవ్విన. మీకు కోపమొస్తే నన్ను అనుండ్రి, ఆయనను అనకుండ్రి.”

ఎంకన్న నోట్లో ముద్ద మింగి, నీళ్ళు తాగి, నెమ్మదిగా అన్నాడు.

“కాకా, ఆయన ఆంధ్రా ఆయనని మాకు ఎరుకే గద.”

“ఏంది?”

“నువ్వు ట్యాంకర్ కాడికి పోంగనే, ‘కాస్త ఆ పోపు గరిటె ఇలా అందుకోండి బాబూ’ అన్నడు. నువ్వు వస్తుంటే మూగోని లెక్క తలకాయ ఊపుతుండె. నువ్వు పోంగనే, మా అందరివీ ఏ ఊళ్ళో, ఎవరేం చదువుతున్నరో అన్నీ అడిగిండు. నాకు పోపు ఎప్పుడు దించాల్నో గూడ నేర్పిండు.”

“మరి మీరేం అనలేదా?”

“ఏమంటం? పెద్దమనిషి మంచిగ వండుతుండు. నేను ఆంధ్రోళ్ళ సావాసం అన్నది ఆయనను ఉడికిద్దామని. ఆయన నవ్వుతడనుకున్న.” ఎంకన్న కంచం పక్కకి జరిపాడు. “నాది పరాచికం కాకా. నీదేంది?”

కొమురెల్లికి భూమి చీలితే దూరాలనిపించింది. తను దాచింది ఎవరి దగ్గరా దాగలేదు. భయపడవలసిన చోట భయం లేదు, జాగ్రత్త పడవలసిన చోట తను పడలేదు. వెనక వరసలోంచి ఒకడు అరిచాడు: “కాకా, సారును మళ్ళ ఒక్కసారి తోలుక రా! చారు వద్దు గని, గుత్తొంకాయ చేయమను!”

కొమురెల్లి హాస్టల్ దాటి, క్యాంపస్ గేటు దాటి, తార్నాక వీధిలోకి నడిచి, పద్నాలుగేళ్ళుగా ఎవరూ తొక్కని ఆ గడప ముందు నిలబడ్డాడు. తలుపు ఉమాపతి భార్య కమలాదేవి తీసింది.

“అమ్మా, నేను కొమురెల్లిని. పంపు...”

“మీరేనా! ఆ వాకింగు మీ పంపు దాకానేనని నాకెప్పుడో తెలుసు.” ఆవిడ తలుపు బార్లా తెరిచింది. “మీకు పుణ్యం ఉంటుంది, మీ మనిషిని తీసుకుపోండి. పదకొండు రోజుల్నించీ వంటింట్లోనే ఉన్నారు. పోపుల డబ్బా మూడుసార్లు సర్దారు. ఆవాలు ఎక్కడున్నాయో నాకే దొరకట్లేదు. వాకింగ్‌కి వెళ్ళండి బాబూ అంటే కాళ్ళ నొప్పులంటారు. కాళ్ళ నొప్పులైతే రోజంతా స్టవ్వు దగ్గర ఎలా నిలబడతారు?”

ఉమాపతి వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో కొత్తిమీర కట్ట ఉంది. కొమురెల్లిని చూశాడు, భార్యని చూశాడు. ఆవిడకి ఏదో తోచి, మంచినీళ్ళ వంకతో లోపలికి వెళ్ళిపోయింది.

ఇద్దరూ నిలబడే ఉన్నారు. ఇలాంటప్పుడు ఏం మాట్లాడాలో మగవాళ్ళకి ఎవరూ నేర్పరు.

“హాస్టల్ల చెప్పొచ్చిన,” అన్నాడు కొమురెల్లి చివరికి. “బెల్లం నేను ఎయ్యలేదని. నేను నవ్వింది తప్పని.”

“ఎందరి ముందు?”

“మెస్సుల రెండొందల మంది ఉంటరు.”

ఉమాపతి కొత్తిమీర ఆకు ఒకటి గిల్లాడు. “ఆ రోజున్నది నాలుగొందల మంది కదోయ్.”

“మిగిలినోళ్ళకు రేపు జెప్త. దొరకకపోతే ఊర్లకు పోయి జెప్త.”

ఉమాపతి పెదవి వంకర పోయింది. ఆపుకున్నాడు. “వాళ్ళు అనుంటే నాకేం బాధ లేదయ్యా. వాళ్ళెవరు నాకు? నువ్వు నవ్వావు చూడు... నేను గరిటె పట్టుకుని నీ వైపే చూస్తున్నాను అప్పుడు.”

“ఎరుక. గందుకే నాకు నిద్ర లేదు.”

“బెల్లం వేసింది నేనే. ఆ సంగతి నేను చెప్పాల్సింది. నువ్వు వద్దన్నావని నోరు మూసుకున్నాను. అదీ నా తప్పే.”

“నువ్వెక్కడ మూసుకున్నవ్ సారూ!” కొమురెల్లి గొంతు లేచింది. “నేను అటు పోంగనే ఆళ్ళ ఊర్లూ పేర్లూ అన్నీ అడిగినవట! మల్ల నా ముంగట తలకాయ ఊపుతవా!”

ఉమాపతి దొరికిపోయాడు. “పిల్లలు ఆకలి మీదున్నారు, పలకరించకుండా ఎలా ఉంటామోయ్?” అని గొణిగాడు. ఆ తర్వాత ఇద్దరికీ నవ్వు ఆగలేదు. లోపల్నించి కమలాదేవి నీళ్ళ గ్లాసుతో వచ్చి, ఎందుకు నవ్వుతున్నారో తెలియక, తనూ కొంచెం నవ్వింది. ఉమాపతి కొత్తిమీర కట్ట ఆవిడ చేతిలో పెట్టి, చొక్కా తొడుక్కున్నాడు.

“ఇప్పుడు వాకింగేమిటి, మూడు గంటలకి?” అంది కమలాదేవి.

“కాళ్ళ నొప్పులు తగ్గాయి,” అన్నాడు ఆయన మెట్లు దిగుతూ.

ఆ సాయంత్రం పంపుకాడ పదకొండు రోజుల పేపర్లూ వరసగా చదివాడు. కరుణాకర్ డ్యూటీ నుంచి నేరుగా వచ్చాడు. సుబ్బరాయుడు, ఆరో రోజు పేపర్లో ఒక చావు కబురు వదిలేశావని తప్పు పట్టాడు. ఇద్దరి అభిప్రాయాలూ మారలేదు. తెలంగాణ మీద ఉమాపతి ఈ రోజుకీ కొమురెల్లితో వాదిస్తాడు, కొమురెల్లి ఈ రోజుకీ గెలిచానంటాడు. హాస్టల్ పిల్లలకి గుత్తొంకాయ మాత్రం ఆ వానాకాలంలోనే అయింది. ఎంకన్న దగ్గరుండి పోపు పెట్టాడు, కొంచెం మాడ్చాడు.

ఇదీ సంగతి. కాబట్టి మంగలి షాపులో గాని, చాయ్ హోటల్లో గాని ఎవరైనా వేరేలా చెబితే కాదనండి.

ఇంకొకటి. మొన్న శ్రావణంలో కొమురెల్లి లాలాపేట్‌లో తన ఇంటి మెట్టు మీద జారి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. డాక్టరు సిమెంటు కట్టు వేసి, ఆరు వారాలు కాలు కింద పెట్టవద్దన్నాడు. స్నేహితులు ముగ్గురూ పొద్దున్నే వచ్చి మంచం చుట్టూ కూర్చుంటున్నారు. అతని భార్య ప్రమీలమ్మ ఊడ్చుకోవడానికి సందు లేక వాళ్ళ కాళ్ళు ఎత్తించి ఊడుస్తోంది. పది దాటితే మాత్రం వాళ్ళు వెళ్ళిపోతారు, ఆవిడ పనికి పోతుంది, అతను ఒక్కడే ఉంటాడు. అటు వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఒకసారి తొంగి చూడండి. పండ్లు తీసుకుపోకండి, తినడు. నాలుగు కబుర్లు తీసుకుపోండి. ఎట్లున్నవ్ అంటే ‘మంచిగనే ఉన్న’ అంటాడు. ఆ మాట నమ్మకుండా కట్టు అంచు పట్టి చూడండి. తడిగా ఉంటే, కుంటుకుంటూ వాల్వులు చూసి వచ్చాడన్నమాట. ప్రమీలమ్మకు చెప్పవద్దు, పాపం, ఆవిడ ఊరుకోదు. ఉమాపతికి చెప్పండి.